తుపాకుల సంతకి ఇంకా వెళ్లాలా?

సంత అనగానే మనకి ఏం గుర్తొస్తుంది? వంకాయల కుప్పలు, ఎండుచేపల వాసన, గాజుల బండి, బేరాలాడే ఆడవాళ్లు... కాస్త పట్నవాసం వాళ్లయితే నాంపల్లి ఎగ్జిబిషనూ, అక్కడి మిర్చిబజ్జీలూ. తుపాకులకి కూడా సంత ఉంటుందనీ, టిక్కెట్టు కొనుక్కుని, చంటిపిల్లల్ని బండిలో కూచోబెట్టి తోసుకుంటూ మరీ జనం వెళతారనీ చెబితే మన ఊళ్లో నమ్మేవాళ్లు తక్కువ. అమెరికాలో ఇది మామూలు సంగతి. ‘గన్ షో’ అంటారు. శనాదివారాలు వచ్చాయంటే ఆ దేశంలో ఏదో ఒక ఊళ్లో జరుగుతూనే ఉంటుంది. ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాలో ఏడాదికి రెండుసార్లు జరిగేది మరీ పెద్దది. 11 ఎకరాల కప్పు కింద ఎటు చూసినా టేబుళ్లేనట!

టెక్సస్‌లో డాలస్ దగ్గరుండే మా చెల్లెలింట్లో కొన్నాళ్లు ఉన్నప్పుడు అలాంటి షో ఒకటి చూశాను. సరదా కోసం వెళ్లింది కాదు. నెల్లాళ్లుగా ఆ ఇంట్లో ఒక వాదన నడుస్తోంది. వాళ్ల కాలనీలో రెండు తెలుగు ఇళ్లలో దొంగలు పడ్డారు. మనవాళ్ల ఇళ్లలో బంగారం ఉంటుందని అక్కడి దొంగలకీ తెలిసిపోయింది మరి. మా మరిదికి అప్పుడే గ్రీన్‌కార్డు చేతికొచ్చింది. “ఒక పిస్తోలు కొనిపెట్టుకుంటే ధైర్యంగా ఉంటుంది వదినా” అంటాడతను. “తొమ్మిదేళ్ల వాడూ, అయిదేళ్ల పిల్లా తిరిగే ఇంట్లో పిస్తోలేమిటక్కా, నువ్వైనా చెప్పు” అంటుంది చెల్లెలు. ఇద్దరి మధ్యా నేను.

చివరికి పక్కింటి పెద్దాయన “ఈ ఆదివారం షో ఉంది. నేనెలాగూ వెళుతున్నాను. వచ్చి కళ్లతో చూడండి, తరవాత పోట్లాడుకోండి” అన్నాడు. పిల్లల్ని స్నేహితురాలింట్లో దింపి నలుగురం బయల్దేరాం.

లోపల ఏముంది?

తలుపు దగ్గరే పోలీసు. అమ్ముకోవడానికో, మార్చుకోవడానికో తమ తుపాకులు తెచ్చుకునేవాళ్లు అందులో తూటాలు లేవని చూపించాలి. చూశాక ట్రిగ్గర్ కదలకుండా ప్లాస్టిక్ పట్టీ బిగించి లోపలికి పంపుతున్నారు.

హాలంతా, మన కల్యాణమంటపాల్లో భోజనాల బల్లల్లా, వరసలుగా టేబుళ్లు. ఎవరి టేబులు వాళ్లు అద్దెకి తీసుకుని దుకాణం పెట్టారు. రెండో ప్రపంచయుద్ధం నాటి రైఫిళ్లు, వేటకి వాడే పొడుగు తుపాకులు, అరచేతిలో ఇమిడిపోయే పిస్తోళ్లు, పెట్టెలు పెట్టెలుగా తూటాలు. వాటి మధ్యలోనే తోలు బెల్టులు, పాత నాణేలు, టీషర్టులు, దాల్చినచెక్క వేసి వేయించిన బాదంపప్పులు, మన వొరుగుల్లా ఎండబెట్టిన మాంసం ముక్కలు. ఖాళీ తూటాగొట్టాలతో చేసిన చెవిదుద్దులు కూడా ఉన్నాయి.

పాత తుపాకులు చూడ్డం నాకు కొత్త కాదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నవాటిని చూసి ‘అబ్బ, ఎంత పనితనం!’ అనుకున్నదాన్నే. ఇక్కడ ఆ అద్దం లేదు. పదేళ్ల పిల్లాడికి తండ్రి ఒక రైఫిల్ అందించి, భుజానికి ఎలా ఆనించాలో చూపిస్తున్నాడు. మన పిల్లలు దీపావళికి రీళ్ల తుపాకీ పట్టుకున్నంత మామూలుగా పట్టుకున్నాడు వాడు.

వెనకటి సంత కాదిది

పక్కింటి పెద్దాయన ముప్ఫై ఏళ్లుగా ఈ షోలకి వెళుతున్నాడు. పాత తుపాకులు సేకరించడం ఆయన సరదా. ఓ గంట తిరిగాక పెదవి విరిచి, “ఇదివరకు ఇలా ఉండేది కాదు” అన్నాడు. వెనకటి రోజుల్లో ఏ పల్లెటూరి రైతో తాతల నాటి తుపాకీ తెచ్చి, దాని కథంతా చెప్పి, గంటసేపు బేరమాడి అమ్మేవాడట. ఇప్పుడు ఎక్కువ భాగం ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్త సరుకే. బజార్లో షాపులో దొరికేదే ఇక్కడా దొరుకుతోంది. దానికి తోడు లోపలికి రావడానికి టిక్కెట్టు, కారు పెట్టడానికి డబ్బులు.

ధరలు కూడా అంతే. 1999లో మొదలైన గన్‌బ్రోకర్ లాంటి ఇంటర్నెట్ వేలాల్లో దేశం మొత్తం మీద ఎక్కడ ఏ ధర పలుకుతోందో ఇంట్లో కూచుని చూసుకోవచ్చు. అక్కడ డీలరు దగ్గర కొంటే, తుపాకీ తిన్నగా ఇంటికి రాదు. మనకి దగ్గర్లో లైసెన్సున్న మరో డీలరుకి వస్తుంది. అక్కడికెళ్లి పరీక్ష పూర్తయ్యాక తెచ్చుకోవాలి. అంచేత ‘షోలో చవక’ అనే మాట పాతబడిపోయింది. “నేనిప్పుడు పాత స్నేహితుల్ని పలకరించడానికి వస్తున్నాను, ఎండుమాంసం కొనుక్కుని పోతున్నాను” అని నవ్వాడాయన.

కొనుగోలు సంగతి ఆయన తేల్చేశాడు. మా చెల్లెలు చూడాలనుకున్నది వేరు. అమ్మేవాళ్లు కొనేవాళ్లని ఏమడుగుతారు?

రెండు టేబుళ్లు, రెండు పద్ధతులు

ఒక టేబుల్ దగ్గర లైసెన్సున్న డీలరు. కొనేవాడు 4473 అనే ఫారం నింపాలి. నేరచరిత్ర ఉందా, మత్తుమందుల అలవాటుందా, భార్యనో ప్రేయసినో కొట్టిన కేసుందా, కోర్టు నిషేధముందా అని అందులో ప్రశ్నలుంటాయి. డీలరు ఆ వివరాలతో ఫోనులోనో, కంప్యూటర్లోనో ఎఫ్‌.బి.ఐ.ని సంప్రదిస్తాడు. చాలామందికి నిమిషాల్లో జవాబొస్తుంది. 1993లో వచ్చిన బ్రేడీ చట్టం ప్రకారం 1998 నవంబరు నుంచీ ఈ ఏర్పాటు నడుస్తోంది. పిస్తోలు అమ్మితే డీలరు దానికి తాళంలాంటి సాధనం కూడా ఇచ్చి తీరాలి.

పక్క టేబుల్ దగ్గర ఒక మామూలు మనిషి తన సొంత తుపాకులు నాలుగు పెట్టుకుని కూచున్నాడు. అతనికి ఫారం లేదు, ఫోను లేదు. తాళం ఇవ్వాలన్న నిబంధనా లేదు. అది వ్యాపారం కాదు, సొంత వస్తువు అమ్ముకోవడం కనక కేంద్ర చట్టం పరీక్ష అడగదు. టెక్సస్ చట్టమూ అడగదు. కొనకూడనివాడని తెలిసి అమ్మితే తప్పు. తెలుసుకోవడానికి అడగకపోతే మాత్రం తప్పు లేదు! అమెరికా పత్రికలు ‘గన్ షో లొసుగు’ అని రాసేది దీన్నే. పేరుకి షో గాని, ఇదే బేరం ఇంటి వరండాలో చేసుకున్నా చట్టం అంతే.

ఈ లొసుగు ఎంత పని చేసిందో కొలరాడో రాష్ట్రం చూసింది. 1999 ఏప్రిల్ 20న కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు కుర్రాళ్లు కాల్పులు జరిపి 12 మంది విద్యార్థుల్ని, ఒక టీచర్ని చంపారు. వాళ్లు వాడిన నాలుగు తుపాకుల్లో మూడింటిని అంతకుముందు ఏడాది వాళ్ల స్నేహితురాలు, పద్ధెనిమిదేళ్ల అమ్మాయి, డెన్వర్ దగ్గర ఒక గన్ షోలో లైసెన్సు లేని అమ్మకందార్ల దగ్గర కొనిపెట్టింది. పరీక్ష ఉంటే కొనేదాన్నే కాదని ఆ తరవాత ఆ అమ్మాయే చెప్పింది. 2000లో కొలరాడో ప్రజలు ఓటు వేసి తమ రాష్ట్రంలో ఆ లొసుగు మూశారు. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి రాష్ట్రాల్లో సొంత తుపాకీ అమ్ముకున్నా పరీక్ష తప్పదు. టెక్సస్‌లోనే 2019 ఆగస్టు 31న మిడ్‌లాండ్, ఒడెస్సా పట్టణాల్లో ఏడుగురిని కాల్చి చంపినవాడు అంతకుముందు 2014లో పరీక్షలో తప్పినవాడే. తరవాత ఒక ప్రైవేటు మనిషి దగ్గర ఏ పరీక్షా లేకుండా కొనుక్కున్నాడు.

అలాగని పాపమంతా షోలకే అంటగట్టడం న్యాయం కాదు. 2016లో అక్కడి ప్రభుత్వం జైళ్లలో ఉన్నవాళ్లని అడిగితే, నేరం చేసినప్పుడు తమ దగ్గరున్న తుపాకీని షోలో కొన్నామన్నవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. వీధిలో దొంగసరుకుగా కొన్నవాళ్లు, అయినవాళ్ల దగ్గర సంపాదించినవాళ్లే ఎక్కువ. అంటే తుపాకీ మొదట ఏ టేబుల్ మీద అమ్ముడైందన్నది ఎంత ముఖ్యమో, ఆ తరవాత ఎవరింట్లో ఎలా ఉందన్నది అంతకన్నా ముఖ్యం.

ఆడవాళ్ల కోసమట!

ఆడవాళ్లని ఆకట్టుకోవడానికి ఆ హాల్లో ఒక మూల మూలంతా కేటాయించారు. గులాబీరంగు పిస్తోళ్లు, ఊదారంగు పిస్తోళ్లు. పక్కనే తోలు హ్యాండ్‌బ్యాగులు. చూడ్డానికి మనం పెళ్లిళ్లకి పట్టుకెళ్లేవాటిలాగే ఉన్నాయి. పక్కన రహస్యంగా ఒక జిప్పు, అందులో పిస్తోలుకి సరిపడా అర. అమ్మే ఆవిడ చాలా మర్యాదస్తురాలు. ఒంటరిగా కారు నడుపుకుంటూ వెళ్లే ఆడదాని భయం గురించి ఆవిడ చెప్పిన మాటలు అబద్ధాలు కావు. ఆ భయం మనకీ తెలిసినదే.

మా చెల్లెలు ఒక్కటే అడిగింది. “మా ఇంట్లో చిన్నపిల్లలున్నారు. దీన్ని ఎక్కడ పెట్టుకోవాలి?”

ఆవిడ తాళం చూపించింది. తూటాలు తీసేసి, తాళం వేసి, తూటాల్ని వేరే చోట పెట్టి వాటికీ తాళం వెయ్యమంది. పిల్లల డాక్టర్ల సంఘం చెప్పేదీ ఇదే. “మరి అర్ధరాత్రి దొంగ వస్తే, రెండు తాళాలూ తీసి, తూటాలు వేసుకునేదాకా ఆగుతాడా?” అన్నాడు మా మరిది. ఆవిడ భుజాలెగరేసి, “అందుకే చాలామంది మంచం పక్క సొరుగులో పెట్టుకుంటారు” అంది.

అదే చిక్కు! పిల్లలకి అందకుండా పెడితే మన చేతికీ వెంటనే అందదు. మన చేతికి అందేలా పెడితే పిల్లల చేతికీ అందుతుంది. హ్యాండ్‌బ్యాగయితే మరీనూ. చాక్లెట్ కోసం అమ్మ సంచిలో చెయ్యి పెట్టని పిల్లలు ఏ దేశంలో ఉన్నారు? 2014 డిసెంబరులో ఐడహో రాష్ట్రంలో ఓ తల్లి రెండేళ్ల కొడుకుని బండిలో కూచోబెట్టుకుని దుకాణంలో సరుకులు కొంటోంది. పిల్లాడు ఆవిడ సంచి జిప్పు తీశాడు. లోపలున్న పిస్తోలు పేలి తల్లి అక్కడికక్కడే చనిపోయింది. అది సరిగ్గా ఇలాంటి రహస్యపు అరలున్న సంచే.

2020 నుంచీ అమెరికాలో ఏడాది వయసు మొదలు పంతొమ్మిదేళ్ల దాకా పిల్లల మరణాలకి తుపాకీయే మొదటి కారణమైంది, రోడ్డు ప్రమాదాల్ని కూడా దాటేసి. 2021లో ఆ దేశంలో తుపాకీతో పోయిన ప్రాణాలు 48,830. అందులో సగానికి పైగా ఎవరో వచ్చి కాల్చినవి కావు, ఆత్మహత్యలు. ఇంట్లో ఏదో ఒక దిగులు ఘడియ రావడం ఎవరికైనా సహజం. ఆ ఘడియలో చేతికందే దూరంలో తుపాకీ ఉండటమే ప్రమాదం. దొంగకి భయపడి దీన్ని తెచ్చుకోవడం కొరివితో తల గోక్కోవడం లాంటిదని నాకనిపించింది.

మనవాళ్లు తెలుసుకోవలసింది

అక్కడ మనవాళ్లు లక్షల్లో ఉన్నారు కనక ఒక సంగతి చెప్పాలి. చదువుకోవడానికి ఎఫ్‌-1 వీసా మీద వెళ్లినవాళ్లూ, హెచ్‌-1బి మీద ఉద్యోగం చేసేవాళ్లూ, నాలా చూడ్డానికి వెళ్లినవాళ్లూ కేంద్ర చట్టం ప్రకారం తుపాకీ గాని, తూటాలు గాని దగ్గర ఉంచుకోకూడదు. నేనైతే ఆ హాల్లో దేన్నీ చేత్తో ముట్టుకోనే లేదు. ఈ నిషేధానికి కొన్ని మినహాయింపులున్నాయి. వేట లైసెన్సు తీసుకుంటే కొనవచ్చన్నది వాటిలో ఒకటి. వేట లైసెన్సు పొందడం పెద్ద కష్టం కాదు. సరదా పడి ఆ దారిన వెళ్లే కుర్రాళ్లు మనలోనూ ఉన్నారు. 2024 నవంబరులో జార్జియా రాష్ట్రంలో చదువుకుంటున్న తెలుగు కుర్రాడొకడు తన వేట తుపాకీ పేలి చనిపోయిన వార్త మనమంతా చదివాం.

గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు కొనవచ్చు. కొనడానికి వీల్లేని స్నేహితుడి కోసం తమ పేరు మీద కొనిపెట్టడం మాత్రం జైలుకి తీసుకెళ్లే నేరం. 2022లో వచ్చిన చట్టం దానికి పదిహేనేళ్ల దాకా శిక్ష పెట్టింది. టెక్సస్‌లో పదిహేడేళ్ల లోపు పిల్లలకి అందేలా, పేలడానికి సిద్ధంగా ఉన్న తుపాకీని వదిలేయడమూ నేరమే. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు కోసం ఎన్ని గడపలు తొక్కాలో, ఎన్నికలొస్తే ఆ తుపాకుల్ని పోలీస్‌స్టేషన్లో ఎలా అప్పగించాలో తెలిసిన మనకి అక్కడి సులువు చూస్తే మతిపోతుంది.

ఇంటికొచ్చాక

తిరిగొచ్చేటప్పుడు కారులో చెల్లెలు వెనక సీట్లోంచి పెద్దాయన్ని అడిగింది. “మా పిల్లలు రోజూ సాయంత్రం మీ ఇంటికొచ్చి ఆడుకుంటారు కదా. ఏమనుకోకండి. మీ తుపాకులన్నీ ఎక్కడుంటాయి?”

నాకు గుండె ఝల్లుమంది, ఆయన ఏమనుకుంటాడో అని. ఆయన ఏమీ అనుకోలేదు. ఇంటికి రాగానే తీసుకెళ్లి చూపించాడు. గోడంత ఎత్తు ఇనప్పెట్టె, దానికి అంకెల తాళం. పాత తుపాకులన్నీ అందులోనే. తరవాత ఆయనే కాసేపు ఆగి, “ఒకటి మాత్రం పడకగదిలో సొరుగులో ఉంది. ఒంటరివాణ్ణి కదా” అన్నాడు. తూటాలతోనే ఉందట. ఆ గదిలో టీవీ ఉంది. పిల్లలు ఆ మంచం మీద కూచునే బొమ్మల సినిమాలు చూస్తారు!

ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. మా మరిది మొహం పాలిపోయింది. పెద్దాయన మారుమాట్లాడకుండా దాన్ని తీసుకెళ్లి ఇనప్పెట్టెలో పెట్టాడు. మర్నాడు వేలిముద్రతో తెరుచుకునే చిన్న పెట్టె ఒకటి కొని, మంచం పక్క బిగించుకుని, మమ్మల్ని పిలిచి మరీ చూపించాడు. “ఇన్నేళ్లలో నన్ను ఇలా అడిగినవాళ్లు లేరమ్మా” అన్నాడు.

పిల్లల్ని ఆడుకోవడానికి పంపేముందు ఆ ఇంట్లో తుపాకీ ఉందా, ఉంటే తాళం వేసి ఉందా అని అడగమనే అక్కడి పిల్లల డాక్టర్లు తల్లులకి చెబుతారు. కుక్క ఉందా, ఈతకొలనుకి కంచె ఉందా అని అడిగినట్టే. మా చెల్లెలు ఇప్పుడు అందర్నీ అడుగుతోంది. ఒకరిద్దరు మొహం ముడుచుకున్నారట. ఎక్కువమంది “అడిగి మంచిపని చేశారు” అన్నారట.

పిస్తోలు మాట ఇంకా పూర్తిగా తేలలేదు. కొనాలంటే ముందు ఇనప్పెట్టె, ఆ తరవాత ఇద్దరికీ శిక్షణ, ఆ తరవాతే తుపాకీ అని చెల్లెలు షరతు పెట్టింది. ఈలోగా బంగారం బ్యాంకు లాకరుకి వెళ్లింది. తలుపులకి అలారం, పెరట్లో రాత్రంతా లైటు వచ్చాయి. దొంగల భయం సగం తగ్గిందని మరిదే ఒప్పుకున్నాడు.

మరి వెళ్లాలా, వద్దా?

చవకగా కొనడానికయితే వెళ్లనక్కర్లేదు. ముప్ఫై ఏళ్లు తిరిగిన పెద్దాయనే ఆ మాట చెప్పాడు. పాత వస్తువుల మీద ప్రేమ ఉన్నవాళ్లకి ఇంకా నాలుగు టేబుళ్లయినా మిగిలే ఉన్నాయి, వాళ్లు వెళతారు. భయంతో ఉన్నవాళ్లు మాత్రం అక్కడికి డబ్బు పట్టుకుని వెళ్లకూడదు. ఆ హాల్లో అందరూ ధైర్యం అమ్మేవాళ్లే. దాన్ని ఇంట్లో ఎక్కడ దాచుకోవాలన్నది ఇంటికెళ్లాక మనమే తేల్చుకోవాలి.

ఆ దేశంలో పిల్లల్ని పెంచుతున్న తల్లి ఒక్కసారి, ఖాళీ చేతుల్తో, వెళ్లి చూసి రావడం మాత్రం మంచిదే. అన్ని తుపాకులు మామూలు మనుషుల చేతుల్లో, మామూలు ఇళ్లకి వెళుతున్నాయని కళ్లతో చూస్తే, పొరుగింటివాళ్లని ఆ ప్రశ్న అడగడానికి మొహమాటం పోతుంది. మా చెల్లెలికి పోయింది.

ఇక్కడున్న అమ్మలకి ఒక మాట. ఆదివారం వీడియో కాల్లో మన పిల్లల్ని ‘అన్నం తిన్నావా, చలిగా ఉందా’ అని అడుగుతాం. ఈసారి ఇంకొక్కటి అడగండి. ‘నీ గదిలో గాని, నీతో ఉండేవాళ్ల దగ్గర గాని తుపాకీ ఉందా? ఉంటే ఎక్కడ పెట్టారు?’ వాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. జవాబు చెప్పేదాకా ఫోను పెట్టేయకండి.